చిన్న ఆపరేషనే అన్నావట

బంగారూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది, నువ్వు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటున్నావని. "చిన్న ఆపరేషనేనమ్మా, చిన్న చిన్న గాట్లు పెట్టి చేసేస్తారు, కొద్ది రోజుల్లో ఆఫీసుకి వెళ్లిపోతా, ఎవరికీ చెప్పకు" అన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్లో మాట్లాడితే మధ్యలో ఏడ్చేస్తానని ఇలా రాస్తున్నాను.

నీ మీద కోపం లేదు, గర్వంగా ఉంది. ముప్పై దాటకుండానే నీ ఒంటి సంగతి నువ్వే పట్టించుకున్నావు. నేనైతే నలభై నాలుగేళ్లు వచ్చి, రెండు పూటలా ఇన్సులిన్ చేసుకుంటూ, గోడ పట్టుకుని మెట్లెక్కే రోజులు వచ్చాక గానీ కదల్లేదు. నోరు కట్టుకుంటే తగ్గదా అనేవాళ్లు నీకూ తగులుతారు. వాళ్ల మాట మనసుకి పట్టించుకోకు. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. దానితో ఏళ్ల తరబడి పోరాడి ఓడిపోవడాన్ని బద్ధకం అనడం అన్యాయం.

నాకు జరిగిన మేలు దాచను. నూట పద్దెనిమిది కిలోల దాన్ని ఏడాదిన్నరలో డెబ్బై ఆరుకి వచ్చాను. నాకు చేసింది బైపాస్, కడుపుని చిన్నది చేసి, తిండిని పేగుల్లో కొంత భాగం దాటించి పంపే ఆపరేషన్. అది చేసిన వారంలోనే, ఒళ్లింకా తగ్గకముందే, డాక్టర్ గారు ఇన్సులిన్ ఆపేశారు. తిండి వెళ్లే దారి మారితే పేగుల్లో హార్మోన్లు మారతాయని అప్పుడే తెలిసింది. నాకు అంతకన్నా గుర్తున్నది ఇంకొకటి. ఒకరోజు గుమ్మం దగ్గర ఎవరి సాయం లేకుండా వంగి నా చెప్పుల బకిల్ నేనే పెట్టుకున్నాను. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, మనలా బరువున్న వేలమందిని ఇరవై ఏళ్లకు పైగా గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్ల కంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారు. కానీ అదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో బరువులో 32 శాతం తగ్గితే, పదేళ్లకి అది 25 శాతం దగ్గర నిలిచింది. నాకూ అంతే. ఇప్పుడు ఎనభై నాలుగున్నాను. తొమ్మిదో ఏట షుగర్ మాత్ర ఒకటి మళ్లీ మొదలైంది. అందుకని బాధపడకు. కాస్త వెనక్కి వస్తుందని ముందే తెలిస్తే, వచ్చిన రోజున నిన్ను నువ్వు తిట్టుకోవు.

ఇక చేయాల్సినవి నీకు అక్కడే చెబుతారు. నెమ్మదిగా నమలడం, మాంసకృత్తులు ముందు తినడం, తిండితో పాటు నీళ్లు తాగకపోవడం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజు నుంచే నడవడం. మూడో నెలలో జుట్టు రాలితే బెంబేలెత్తకు, చాలామందికి మళ్లీ వస్తుంది. పిల్లల ఆలోచన ఏడాది, ఏడాదిన్నర దాకా పెట్టుకోకండి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లు. బి1 విటమిన్ వారాల్లోనే అడుగంటి మెదడుకి ప్రమాదం తెస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి బతికినంత కాలం వాడాలని, ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదని నాకు రాసిచ్చారు. రెండేళ్లు బుద్ధిగా చేశాను. మూడో ఏట ఇల్లు మారాం, ఆ హడావిడిలో పరీక్ష తప్పింది. సీసా అయిపోతే కొత్తది కొనలేదు. ఏమీ కాలేదు. ఇంకో ఏడాది గడిచింది, అప్పుడూ ఏమీ కాలేదు. ఇన్ని మాత్రలు అనవసరంగా మింగానేమో అనుకున్నాను కూడా. మన కాలేయంలో బి12 కొన్నేళ్లకు సరిపడా దాచి ఉంటుందట. నేను తింటున్నది ఆ నిల్వ అని నాకు తెలియలేదు.

తర్వాత నీరసం మొదలైంది, వయసు అనుకున్నాను. అరికాళ్లలో తిమ్మిర్లు వచ్చాయి, పాత షుగర్ వల్ల అనుకున్నాను. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాను గానీ, ఆపరేషన్ సంగతి ఆయనకి చెప్పలేదు. సిగ్గుపడ్డాను తల్లీ. కష్టపడి తగ్గానని అందరికీ చెప్పుకున్నదాన్ని, ఆయన ముందు కూడా అదే నిలబెట్టుకోవాలనుకున్నాను. పాపం ఆయన దేని కోసం వెతుకుతాడు?

ఒకరోజు సాయంత్రం బయటి నుంచి ఇంటికి వస్తే, మీ బాబాయి నా కాళ్ల వైపు చూసి అరిచారు. ఒక కాలికి చెప్పు లేదు. అరికాలు తెగి, నేల మీద రక్తం అడుగులు పడుతున్నాయి. చెప్పు ఎక్కడ జారిందో తెలియదు, ఏం గుచ్చుకుందో తెలియదు. ఎంత దూరం అలా నడిచానో ఇప్పటికీ తెలియదు.

బి12 ఇంజక్షన్లు ఇచ్చారు. నీరసం నెలల్లో పోయింది, కాళ్లకి స్పర్శ మాత్రం పూర్తిగా రాలేదు. పదకొండేళ్లయింది. ఇప్పటికీ రోజూ రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. మాత్రల సీసా ఒకటి ఆపకుండా ఉంటే ఇది జరిగేది కాదు.

నువ్వు చేయించుకునే స్లీవ్, అంటే కడుపు మాత్రమే కోసి చిన్నది చేసేది, అయినా మాత్రలూ పరీక్షలూ తప్పవు. అందుకే "ఎవరికీ చెప్పకు" అన్న మాటకి నాకు భయమేసింది. ఊరందరికీ చెప్పమనను. నిన్ను చూసే ప్రతి డాక్టర్‌కీ, నీతో ఇంట్లో ఉండేవాళ్లకీ మాత్రం చెప్పాలి. ఇంకొకటి కూడా ఇంట్లోవాళ్లకి తెలియాలి. దిగులు వస్తే తినడం నాకు అలవాటు. ఆపరేషన్ తర్వాత తినలేను, దిగులు మాత్రం వస్తూనే ఉండేది. కొందరు అప్పుడు తాగుడుకి అలవాటు పడతారు, తాగింది ముందుకంటే త్వరగా తలకెక్కుతుంది కూడా. అలాంటి రాత్రి వస్తే ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

స్లీవ్ అని నిర్ణయించుకున్నావట, పేగుల జోలికి పోరు కాబట్టి తేలికని. కడుపులో ముప్పావు వంతు పైగా కోసి తీసేస్తారు, మళ్లీ పెట్టేది ఉండదు. దానికంటే నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటుంది. చదువుకునే రోజుల్లో నా దగ్గరున్నప్పుడు గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయని రెండు దిండ్లు వేసుకుని పడుకునేదానివి. అదింకా ఉందా? స్లీవ్ తర్వాత ఆ మంట కొందరికి బాగా పెరుగుతుంది. కొత్తగా మొదలైనవాళ్లూ ఉన్నారు. ఎండోస్కోపీ చేశారా, నీ మంట సంగతి వాళ్లకి చెప్పావా, బైపాస్ ఎందుకు వద్దన్నారు? బరువు తగ్గడానికి వారానికోసారి తీసుకునే ఇంజక్షన్ల గురించి కూడా అడుగు. అవి ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, అయినా నీకు పనికొస్తాయో లేదో వాళ్ల నోట వినాలి. ఇవన్నీ అడిగేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

తేదీ ఏదైనా నాకు ముందే చెప్పు. నెల రోజులు నీ దగ్గరే ఉంటాను. అక్కకి నేను నచ్చజెబుతాను, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు.

మీ పిన్ని