ట్యాంకుకి రంగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బల్ల మీద ఆడే యుద్ధ ఆటల్లోని 28 మిల్లీమీటర్ల సిపాయి బొమ్మలకు రంగులు వేయడం బాగానే అలవాటైంది. అదే వరసలో ఒక పెద్ద యుద్ధ ట్యాంకు బొమ్మకి వేశాను: అడుగు రంగు, మొత్తానికి నల్ల వాష్ (బాగా పలచన చేసిన రంగు), ఆపైన డ్రైబ్రష్ (దాదాపు పొడి కుంచెతో పైపైన రుద్దడం). పలకల మీద నీటి మరకల్లా వలయాలు, సుద్ద గీసినట్టు చారలు వచ్చాయి. ఎక్కడ తప్పాను?

జవాబు: సిపాయి ఒంటి మీద ఎక్కడ చూసినా మడతే. చొక్కా ముడతలు, సంచులు, వేళ్ళ సందులు. వాష్ పూస్తే అదే జారి లోతుల్లో చేరుతుంది. ట్యాంకు పలక మీద అది జారడానికి చోటేది? పూసిన చోటే మడుగు కడుతుంది. మడుగు అంచు పలచన కాబట్టి ముందు అక్కడే ఆరుతుంది. ఆరిపోయిన నీటి స్థానంలోకి మధ్యలోని నీరు వస్తూ రంగు పొడిని కూడా అంచుకి లాక్కొస్తుంది. మొత్తం ఆరేసరికి మధ్యలో వెలితి, చుట్టూ నల్ల గీత మిగులుతాయి. డ్రైబ్రష్‌దీ అదే కథ. అది ఎత్తుపల్లాలున్న చోట పనిచేస్తుంది, చదును మీద కుంచె గీతలు వదిలిపోతుంది.

పాడైన పలకలకు అడుగు రంగునే పలచగా రెండు పూతలు వేయండి, మరకలు మూసుకుపోతాయి. సుద్దలా గరుకు తేలిన చోట మాత్రం ముందు 1000 నంబరు ఉప్పు కాగితాన్ని నీటితో తడిపి తేలిగ్గా రుద్దాలి. ఆ తర్వాత మొత్తానికి గ్లాస్ వార్నిష్ (మెరుపునిచ్చే పూత) కొట్టి ఒక రోజు వదిలేయండి. ఇప్పుడు వాడాల్సింది ఎనామెల్ వాష్, అంటే నీటిలో కాక వైట్ స్పిరిట్ అనే ద్రావకంలో కరిగేది. సన్న మొన ఉన్న 0 నంబరు కుంచెను వాష్‌లో ముంచి, అంచుకి ఒత్తి, రివెట్టు మొదట్లోనో పలకల మధ్య గాడిలోనో మొన తాకించి ఆగండి. ద్రవం గాడి వెంట దానంతటదే రెండు మూడు సెంటీమీటర్లు పరుగెడుతుంది. అది ఆగిన చోట మళ్ళీ తాకించండి. పదిహేను ఇరవై నిమిషాలయ్యాక ఒక చదును కుంచెను వైట్ స్పిరిట్‌లో ముంచి, గుడ్డ మీద దాదాపు పొడిగా తుడిచి, పైకి పొంగిన వాష్‌ను పై నుంచి కిందికి లాగండి. గాడిలోది అలాగే ఉంటుంది, పలక మీదిది పోతుంది. నున్నటి గ్లాస్ పూత మీద మాత్రమే ఇంత శుభ్రంగా వస్తుంది. మాట్ (మెరుపు లేని) పూత వాష్‌ను పీల్చేసుకుంటుంది, తర్వాత ఎంత తుడిచినా ఛాయ వదలదు.

ఒక హెచ్చరిక. రంగు పడని ప్లాస్టిక్ మీద ఎనామెల్ వాష్ గాని వైట్ స్పిరిట్ గాని నిలవనివ్వకండి. బిగుతుగా దూర్చిన ఇరుసుల దగ్గర ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది.

ప్రశ్న: ముందే అన్నీ అతికించేయాలా, ముక్కలుగా రంగు వేసి తర్వాత అతికించాలా?

జవాబు: ఒక్కో భాగాన్నీ పట్టుకుని రెండు సంగతులు చూడండి: అక్కడికి కన్ను చేరుతుందా, కుంచె చేరుతుందా. కన్ను చేరి కుంచె చేరని చోటు ఉంటేనే విడిగా ఉంచాలి. రెండూ చేరకపోతే నిశ్చింతగా అతికించేయండి, అక్కడికి చీకటి రంగు ప్రైమర్ (రంగులకు ముందు వేసే తొలి పూత) చాలు. మామూలుగా విడిగా ఉంచాల్సినవి రెండు పక్కల ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు), టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం), తెరిచి పెట్టే మూతలు, వాటిలో నిలబడే మనుషులు. ట్రాకులకు పక్క కవచం ఉంటే అదీ విడిగానే.

విడిగా ఉంచినప్పుడు అతుకు ముఖాల మీద మాస్కింగ్ టేపు వేయడం మరవొద్దు. ప్లాస్టిక్ సిమెంట్ రెండు వైపుల ప్లాస్టిక్‌నీ కరిగించి ఒకటి చేస్తుంది. మధ్యలో రంగు పొర ఉంటే అది పట్టుకునేది ఆ రంగునే, ఆటలో ఒక్క తాకిడికి ఊడిపోతుంది. టేపు వేయడం కుదరకపోయినా, ప్రైమర్ పడ్డాక ఆ ముఖాన్ని బ్లేడుతో గీకి శుభ్రం చేయవచ్చు.

రెండు సగాలుగా వచ్చే ఫిరంగి గొట్టం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి, చూసేవాళ్ళ కన్ను ముందు పడేది దాని మీదే. సిమెంట్ కాస్త ఎక్కువగా రాసి నొక్కితే అతుకు వెంట సన్నటి ప్లాస్టిక్ పూస ఉబుకుతుంది. ఒక రోజు గట్టిపడనిచ్చి 400, 600, 1000 నంబర్ల ఉప్పు కాగితాలతో వరసగా రుద్దండి. ఒకే వైపు రుద్దితే గొట్టం అక్కడ చదునవుతుంది, తిప్పుతూ రుద్దాలి. ప్రైమర్ పడ్డాక దీపం కింద నెమ్మదిగా తిప్పి చూస్తే మిగిలిన గీత బయటపడుతుంది. అప్పుడు దిద్దడమే తేలిక.

ప్రశ్న: స్ప్రే ప్రైమర్ కొడితే ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. డబ్బా పాతదా?

జవాబు: దూరం ఎక్కువైంది, లేదా వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కొట్టారు. చుక్క బొమ్మను తాకేలోపే గాల్లో సగం ఆరితే పొడిగా వచ్చి అంటుకుంటుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం పాటించండి. డబ్బాను రెండు నిమిషాలు నిండుగా ఊపండి. బొమ్మకు ఇవతల మొదలుపెట్టి, దాటి అవతల ఆపండి, ఎందుకంటే నొక్కిన క్షణంలోనూ వదిలిన క్షణంలోనూ నాజిల్ చుక్కలు ఉమ్ముతుంది. పెద్ద బండి కదా అని ఒక్క విడతలో కప్పేయాలనిపిస్తుంది. ఆగండి. మూడు పలుచని విడతలు, మధ్యలో పది నిమిషాల విరామం. ముందు బోర్లించి అడుగు భాగం, చక్రాల వెనక సందులు కొట్టి, తర్వాత తిప్పి పైభాగం కొట్టండి. గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకునే ఈ పని చేయాలి.

వచ్చిన గరుకు స్వల్పమైతే 1000 నంబరు కాగితంతో తడి రుద్దుడు చాలు. బాగా ఎక్కువైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తీయవచ్చు. కొన్ని ప్రైమర్లు మొండివి, అడుగున ఛాయ మిగిలినా నునుపొస్తే సరిపోతుంది. అసిటోన్ జోలికి మాత్రం పోవద్దు, అది బొమ్మనే కరిగిస్తుంది.

ప్రశ్న: ఎయిర్‌బ్రష్ లేదు. చేతి కుంచెతో పెద్ద పలకల మీద చారలు లేకుండా వేయడం సాధ్యమా?

జవాబు: సాధ్యమే, కాస్త ఓపిక కావాలి. మొదట ప్రైమర్‌నే అడుగు రంగుకు దగ్గరి ఛాయలో ఎంచుకోండి, సగం పని తగ్గుతుంది. 10 లేక 12 మిల్లీమీటర్ల వెడల్పున్న మెత్తటి సింథటిక్ చదును కుంచె తీసుకోండి. రెండు పాళ్ళు రంగుకి ఒక పాలు నీళ్ళు కలపండి, వేడిగా ఉంటే ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ ఒక చుక్క వేయండి. పలచదనం సరిపోయిందా అంటే, కుంచె గీత రెండు మూడు క్షణాల్లో సర్దుకుని నున్నగా కావాలి.

ఒకసారి ఒక పలకే. గాడి నుంచి గాడి వరకు పూర్తి చేసి ఆపండి, మధ్యలో వదలొద్దు. ప్రతి గీతా ముందు గీత తడిగా ఉండగానే దాని అంచు మీదికి ఎక్కాలి. ఒక చోట రంగు సరిగా పట్టలేదని వెనక్కి వెళ్ళి దిద్దబోతే సగం ఆరిన పొర చర్మంలా లేచి చిరుగుతుంది. చారలకు అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. వదిలేయండి, తర్వాతి పూత దాన్ని కప్పుతుంది. పూతకూ పూతకూ మధ్య అరగంట. తెలుపు, పసుపు, ఎరుపు నాలుగు పూతలు అడిగినా ఆశ్చర్యపోకండి. నిలువు పలకల మీద ఆఖరి పూత మాత్రం పై నుంచి కిందికే లాగండి. ఏదైనా గీత మిగిలినా వాన నీరు జారిన గుర్తులా కనిపిస్తుంది.

ఇంతటితో ఆపితే ప్లాస్టిక్ ఆటవస్తువులా ఉంటుంది, ఎందుకంటే పలకంతా ఒకే ఛాయ. దీనికి స్పాంజి మంచి మందు. మెత్తటి ఫోమ్ ముక్కను కత్తిరించకుండా చేత్తో తుంచండి, కత్తిరించిన అంచు పలక మీద చతురస్రాలు ముద్రిస్తుంది. అడుగు రంగులో కొంచెం లేత రంగు కలిపి, ఫోమ్‌ను అందులో తాకించి, కాగితం మీద చుక్కలు విడివిడిగా పడేదాకా అద్దండి. ఆపైన ప్రతి పలకలోనూ పైనున్న మూడో వంతులో అద్దండి. మరింత లేత రంగుతో ఇంకా పై అంచున. కింది అంచున అడుగు రంగుకన్నా ముదురు. చేయి దూరం నుంచి చూస్తే చుక్కలు కలిసిపోయి, వెలుగు పై నుంచి పడుతున్నట్టు ఉంటుంది. సిపాయిలకు మడతలు చేసే పనిని ఇక్కడ మీ చేయి చేయాలి.

ప్రశ్న: 1/56 కొలతలో పాంథర్ ట్యాంకు. మూడు రంగుల మభ్యపు చారలకు ఏ రంగు ముందు? అంచులు కచ్చితంగా ఉండాలా, మసకగానా?

జవాబు: 1943 ఫిబ్రవరి ఆదేశంతో జర్మన్ వాహనాలకు అడుగు రంగు ముదురు పసుపు అయింది. ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు ముద్దల రూపంలో దళాలకు వెళ్ళేవి. వాటిని నీటిలోనో పెట్రోలులోనో పలచన చేసి, దొరికితే స్ప్రేతో, లేకపోతే కుంచెతోనే వేసుకున్నారు. కాబట్టి మీరూ పసుపు ముందు వేసి, మిగతా రెండూ దాని మీద వేయండి. అంచులు మసకగా ఉన్నా గట్టిగా ఉన్నా చరిత్రకు విరుద్ధం కాదు. చేతి కుంచెతో అయితే గట్టి అంచే ఎంచుకోండి, మసక కోసం పాకులాడితే మురికిగా కనిపిస్తుంది. రంగులన్నీ డబ్బాలో ఉన్నదానికన్నా ఒక మెట్టు లేతగా కలపండి, తర్వాత పడే వాష్, దుమ్ము వాటిని ముదురు చేస్తాయి. మీ పాంథర్‌కు జిమ్మరిట్ పూత (అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా ట్యాంకుకి పూసిన గరుకు పూత) గీతలు గీతలుగా అచ్చు పోసి ఉంటే సంతోషించండి. మొదటి జవాబులో కాదన్న డ్రైబ్రష్ అక్కడ చక్కగా పనికొస్తుంది.

ప్రశ్న: డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే గుర్తు) అతికించాక కింద వెండి పొరలా మెరుస్తోంది.

జవాబు: అది గాలి. మాట్ ఉపరితలం దగ్గరగా చూస్తే గుంటల మయం. పలుచని పొర వాటి మీద వంతెనలా నిలబడి, కింద గాలిని పట్టేస్తుంది. డెకాల్ పడే చోట ముందే గ్లాస్ వార్నిష్ వేస్తే ఈ బాధ ఉండదు. ఇప్పటికే అతికించినదాన్ని సూది మొనతో నాలుగైదు చోట్ల గుచ్చి, మైక్రో సాల్ వంటి మెత్తబరిచే ద్రవం రాయండి. డెకాల్ ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టొద్దు, ఆరుతూ అదే సర్దుకుని రివెట్ల మీద చర్మంలా కూర్చుంటుంది. చాలకపోతే ఆరాక మళ్ళీ ఒకసారి.

ప్రశ్న: రంగు ఊడిన గుర్తులు, బురద ఎంత వేస్తే అందం?

జవాబు: ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముందు ఆలోచించండి. సిబ్బంది ఎక్కే చోట, మూతల అంచుల్లో, ముందు మూలల్లో, పనిముట్లు కట్టే కొక్కేల దగ్గర రంగు ఊడుతుంది. టరెట్ పక్క పలక మధ్యలో ఊరికే ఊడదు. ముదురు గోధుమ రంగును పైన చెప్పిన ఫోమ్‌తోనే అద్దండి. పెద్ద మచ్చ పడితే దాని కింది అంచున సన్న కుంచెతో లేత గీత ఒకటి గీయండి, పూత మందం తెలుస్తుంది.

ట్రాకులకు నల్ల గోధుమ అడుగు, నేలను తాకే దిమ్మెల మీద మాత్రమే ఉక్కు రంగు. లోపలి వైపు చక్రాలు ఒరుసుకునే దారిలో కూడా ఉక్కు మెరుపు ఉండాలి, ఇది చాలామంది వదిలేస్తారు. బురదకు మట్టి రంగు పిగ్మెంట్ పొడిని ఆక్రిలిక్ మాట్ మీడియంతో ముద్దలా కలిపి కింది భాగానికి, చక్రాల మధ్యకు పూయండి. ఆటలో చేత్తో పట్టుకునే చోట్ల పొడి పిగ్మెంట్ వద్దు, ఫిక్సర్ (పొడిని అంటించి ఉంచే ద్రవం) వేసినా కొన్నాళ్ళకు వేళ్ళకు అంటి పోతుంది.

ప్రశ్న: అంతా అయ్యాక మాట్ వార్నిష్ కొడితే తెల్లగా మంచు పట్టినట్టయింది. మొత్తం పోయినట్టేనా?

జవాబు: పోలేదు. గాల్లో తేమ ఎక్కువైనప్పుడో, డబ్బా సరిగా ఊపనప్పుడో ఇలా జరుగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, ఒక మూల గ్లాస్ వార్నిష్ కుంచెతో రాసి చూడండి. చాలాసార్లు తెలుపు మాయమై రంగు తిరిగి తేలుతుంది. అలా తేలితే మొత్తానికి గ్లాస్ వేసి, ఒక రోజు ఆగి, పొడిగా ఉన్న పూట మాట్‌ను పలచగా మళ్ళీ కొట్టండి. ముందుగా పాత ప్లాస్టిక్ ముక్క మీద ఒక విడత కొట్టి, అది ఆరేదాకా చూసి, ఆ తర్వాతే బండి మీదికి తిప్పండి.