సమాధానం: 206 కిలో, 4.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు రెండూ సరైనవే

టెన్షన్ పడకండి, మీ లెక్క తప్పలేదు. నోవా పేలుళ్లలో (ఒక రకం నక్షత్ర పేలుళ్లు) సోడియం-21 ప్రోటాన్‌ను పట్టుకుని మెగ్నీషియం-22 అయ్యే చర్యకు ఒకచోట 206 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల రెజొనెన్స్ (చర్య బాగా ఎక్కువగా జరిగే ప్రత్యేక శక్తి) అని, ఇంకోచోట బీమ్ (కణాల ధార) శక్తి 4.5 మెగా, అంటే 4500 కిలో, అని ఉంది, ఏది నమ్మాలి అన్నారు. రెండూ నమ్మొచ్చు. మొదటిది ద్రవ్యరాశి కేంద్రం లెక్క, అంటే రెండు కణాల ఢీకి నిజంగా దక్కే శక్తి; రెండోది ల్యాబ్ లెక్క, అంటే ల్యాబ్‌లో బీమ్‌కు ఇచ్చే శక్తి.

సోడియం-21 అర్ధాయువు 22.5 సెకన్లే. దానితో టార్గెట్ (బీమ్ వెళ్లి తగిలే పదార్థం) చేసే ప్రసక్తే లేదు. అందుకే సోడియం మీదకి ప్రోటాన్లను పంపే బదులు, వరస తిరగేసి సోడియాన్నే బీమ్‌గా హైడ్రోజన్ వాయువులోకి పంపుతారు. బరువైనది వచ్చి తేలికైనదాన్ని గుద్దితే శక్తిలో చాలా భాగం ముందుకు పోవడానికే ఖర్చవుతుంది. చర్యకు దక్కేది దాదాపు 22వ వంతు. 206ను 22తో గుణించండి: 4532 కిలో. అదే మీ 4.5 మెగా.

అసలు తలనొప్పి వేరే ఉంది. పుట్టిన మెగ్నీషియం కూడా బీమ్ దారిలోనే, దాదాపు అదే ద్రవ్యవేగంతో పోతుంది. కెనడాలో వాంకూవర్‌లోని ట్రయంఫ్ అనే కణ త్వరణ ప్రయోగశాలలో డ్రాగన్ అనే పరికరం అయస్కాంత, విద్యుత్ క్షేత్రాలతో దాన్ని వేరు చేస్తుంది. అదే క్షణంలో గామా కిరణం కూడా దొరికితే నమ్మకం ఇంకా పెరుగుతుంది.

మీ సిమ్యులేషన్‌లో మాత్రం బీమ్‌ను సరిగ్గా 4532 దగ్గర పెట్టకండి. వాయువులో కొంత శక్తి పోతుంది కదా, రెజొనెన్స్ టార్గెట్ మధ్యలో పడేలా కాస్త ఎక్కువ ఇవ్వండి.