ఫిబ్రవరి 6న ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్లే మేనల్లుడికి

చిన్నా,

1958లో మ్యూనిక్‌లో మన మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ టీమ్ విమాన ప్రమాదంలో పోయినవాళ్ల స్మారక సభకి, వాళ్ల స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్తున్నానని, ఏం తీసుకెళ్లాలో చెప్పమని అడిగావు. ముందు గ్లవ్స్, మందపాటి సాక్సులు. ఫిబ్రవరిలో మాంచెస్టర్ చలి సంగతి నీకింకా తెలీదు. పైగా అక్కడ కదలకుండా నిలబడాలి.

రెండింటికల్లా చేరుకో. స్టేడియం మూలన గోడకి ఒక గడియారం ఉంటుంది, పైన ‘ఫిబ్రవరి 6, 1958’ అని, కింద ‘మ్యూనిక్’ అని రాసి. ప్రమాదం జరిగిన టైముకి దాన్ని ఆపేశారని ఎవరైనా అంటే నమ్మకు, నడుస్తూనే ఉంటుంది. ఒకప్పటి సౌత్ స్టాండ్ (ఇప్పుడు సర్ బాబీ చార్ల్టన్ స్టాండ్) కింద ‘మ్యూనిక్ టన్నెల్’ అని ఆ ప్రమాదం గుర్తుగా పెట్టిన ప్రదర్శన కూడా ఉంది, వీలు చూసుకుని చూడు. జనం మాత్రం స్మారక ఫలకం కిందే చేరతారు.

సరిగ్గా 3:04కి మౌనం. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, పూర్తిగా ఆపెయ్. నేను వెళ్లిన మొదటి ఏడాది ఆ నిమిషంలోనే మీ అత్తయ్య ఫోన్ చేసింది. జేబులోంచి మన సినిమా పాట, అదీ ఫుల్ సౌండ్‌లో! గ్లవ్స్ వేళ్లకి బటన్ దొరకదు. అంత చలిలోనూ చెమటలు పట్టాయి. పక్కనున్న ముసలాయన ఒక్క మాటా అనలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ఆపి, మళ్లీ నా జేబులో పెట్టాడు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

వెళ్లేముందు పేర్లు చదువుకో. బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్‌తో 3-3 డ్రా చేసుకుని వస్తూ టీమ్ మ్యూనిక్‌లో ఆగింది. రన్‌వే మీద మంచు బురద. మూడోసారి ప్రయత్నించినప్పుడూ విమానం పైకి లేవలేదు. పోయినవాళ్లు 23 మంది, అందులో ఆటగాళ్లు 8 మంది. అందరూ డంకన్ ఎడ్వర్డ్స్ గురించే చెప్తారు, చెప్పాలి కూడా. 21 ఏళ్ల కుర్రాడు, 15 రోజులు ఆసుపత్రిలో పోరాడాడు. కానీ నాకు జెఫ్ బెంట్ మీద మనసు పోతుంది. కెప్టెన్ రోజర్ బర్న్‌కి దెబ్బ తగిలిందని, ఎందుకైనా మంచిదని బెంట్‌ని వెంట తీసుకెళ్లారు. బర్న్ ఆడాడు. బెంట్‌కి ఆడే అవసరమే రాలేదు.

విలేకరులు కూడా 8 మంది పోయారు. వాళ్లలో ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకప్పుడు మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్. 2008లో, 50 ఏళ్లు నిండిన ఆ వారంలోనే సిటీతో డెర్బీ, అంటే ఒకే ఊరి టీమ్‌ల మ్యాచ్. వాళ్ల అభిమానులు మౌనం పాటించరేమోనని అందరికీ ఒకటే టెన్షన్. పాటించారు, స్టేడియమంతా నిశ్శబ్దం. మ్యాచ్ 2-1తో మనమే ఓడాం, అది వేరే సంగతి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. ఎప్పుడైనా ఎదుటి టీమ్ వాళ్లు మ్యూనిక్ పేరెత్తి వెక్కిరిస్తే నోరు మూసుకుని పక్కకి రా. బదులుగా హిల్స్‌బరో (1989లో లివర్‌పూల్ అభిమానులు తొక్కిసలాటలో పోయిన స్టేడియం) మాటెత్తావో, నీకూ వాళ్లకీ తేడా ఏముంది?

పూలు తీసుకెళ్తే ప్లాస్టిక్ కాగితం తీసేసి పెట్టు. మెడలో కండువా అక్కడ కట్టాలనిపిస్తే కట్టి వచ్చెయ్. గడియారం ముందు సెల్ఫీ మాత్రం వద్దు, బాబూ. పాట మొదలైతే, రాకపోతే పెదవులాడించకు, ఊరికే విను.

అయ్యాక నేరుగా ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు వేస్తానంది. ఆ రోజు మూడింటికి ఫోన్ చెయ్యదులే.

మీ మావయ్య