కనిపించగానే కేకెయ్యి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నీ ముద్దుల కూతురు తిమింగలాలు లెక్కపెట్టడానికి పడవెక్కుతుందట, నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, నా పాత ఉన్ని టోపీ వెతికి తీసి ఉతికాను. పోస్టులో వస్తుంది.

ఎక్కబోయేది సిలూరియన్ అట కదా. హెబ్రిడియన్ వేల్ అండ్ డాల్ఫిన్ ట్రస్ట్ వాళ్లు 2003 నుంచి ఆ పడవ మీద స్కాట్లాండ్ పడమటి తీరం తిరుగుతూ లెక్కలు రాస్తున్నారు. నీలాంటి వాలంటీర్ల కళ్లే వాళ్లకు ఆధారం. నేను వెళ్లింది వేరే పడవ, యాభై దాటాక. మీ తాతయ్య ఉంటే పంపేవారు కాదు. భీమిలిలో పుట్టి పెరిగామన్న మాటేగానీ, మమ్మల్ని చీలమండలు దాటి నీళ్లలోకి దిగనిచ్చింది లేదు. ఆ భయం నాకు ఇంకా పోలేదు. అందుకని ముందు అదే రాస్తున్నాను.

డెక్ మీద నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండాలి. ఫోటో కోసం రెండూ వదిలావో, నేనే వచ్చి తంతాను. లైఫ్‌జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించుకో, లేకపోతే నీళ్లలో జాకెట్ తల మీదకి లేచిపోతుంది. రాత్రిపూట ఒక్కదానివే పైకి వెళ్లకు. ఇవన్నీ స్కిపర్ కూడా చెప్తాడు. అయినా నేనూ చెప్తాను.

వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకో. జూలై అని స్వెట్టరు మానకు.

పని కష్టమేం కాదు. ముందువైపు ఇద్దరు నిలబడతారు, ఎడమ ఒకరిది, కుడి ఒకరిది. వెనక పొడుగాటి తీగకి కట్టిన హైడ్రోఫోన్, అంటే నీళ్లలోని చప్పుళ్లు పట్టే మైకు, నీళ్లలో వస్తుంటుంది. పోర్పస్ అని డాల్ఫిన్ లాంటిదే చిన్న జీవి, అది చేసే చప్పుడు మన చెవికి అందదు, కంప్యూటరే పట్టుకుంటుంది. డాల్ఫిన్ల ఈలలు మాత్రం నువ్వే వినొచ్చు.

ఇక నేను చేసిన తప్పు. మూడో రోజు, గాలి లేదు, నీళ్లు నూనెలా ఉన్నాయి. కుడివైపు నాది. అర కిలోమీటరు పైన ఒకచోట నీళ్లు చెదిరి, నల్లగా ఏదో వంగి మునిగింది. కేక నోటిదాకా వచ్చింది. అలేమో, పక్షేమో? పక్కనున్నావిడ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. తప్పయితే నవ్వుతుందేమో. పైగా నా ఇంగ్లీషొకటి. ఇంకోసారి కనబడితే చెబుదాంలే అని ఊరుకున్నాను. ఇంకోసారి కనబడేసరికి అవి పడవ ముక్కు దగ్గరే ఉన్నాయి. కామన్ డాల్ఫిన్లు, పక్కలు పసుపుగా మెరుస్తూ. అప్పుడు అరిచాను. దూరం యాభై మీటర్లని రాయించాను. అందరూ మెచ్చుకున్నారు కూడా!

రాత్రి టీ తాగుతూ, సర్వే నడిపే అమ్మాయి లెక్క ఎలా కడతారో చెప్పింది. సముద్రంలో ఉన్నవన్నీ మనకు కనబడవు కదా. ఎంతెంత దూరంలోవి కనబడ్డాయో చూసి, మనం నిజంగా ఎంత వెడల్పు చూసినట్టో తేలుస్తారు. అన్నీ దగ్గర్లోనే అని రాస్తే, చూసింది సన్నటి పట్టీ అనీ, అంత సన్నటి దాంట్లోనే ఇన్నుంటే మొత్తం మీద ఇంకెన్నో అనీ లెక్క తేలుతుంది. పైగా డాల్ఫిన్లు ఆడుకోడానికి పడవ దగ్గరికి వాటంతటవే వస్తాయి. అందుకే మొదటిసారి కనబడినప్పటి దూరం, కోణం కావాలి. అంటే నా మొహమాటం వల్ల కాగితం మీద డాల్ఫిన్లు పెరిగిపోతాయన్నమాట. టీ గొంతు దిగలేదు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు, వెళ్లి పడుకున్నాను.

పొద్దున్నే ఆ అమ్మాయికి చెప్పాను. నవ్వలేదు, కసరలేదు. పోనీ ఐదొందలని దిద్దనా అంటే వద్దంది. నిన్నటిది ఇవాళ గుర్తుతో కొలవకూడదట. ఆ వరుస పక్కన "మొదట చూసిన దూరం లేదు" అని రాసుకుంది.

నువ్వు నా పోలికే తల్లీ. ఏడో తరగతిలో జవాబు తెలిసీ చెయ్యెత్తేదానివి కాదు, మీ అమ్మ ఎన్నిసార్లు బాధపడిందో. అక్కడ మాత్రం ఏదో కదిలిందనిపించినా అరిచెయ్యి. ఏమిటో తెలియకపోతే తెలియలేదనే రాస్తారు. దూరం నోటికొచ్చినట్టు వంద, ఐదొందలు అని గుండ్రంగా చెప్పకు. ఏమీ కనబడని గంట కూడా లెక్కలోకే వస్తుంది, విసుక్కోకు.

పీతలు పట్టడానికి అడుగుకి దించే బుట్టలుంటాయి, వాటి తాళ్లకి కట్టి పైన తేలే బోయాలు కూడా లెక్కపెట్టమంటారు. అదెందుకని నేనూ గొణిగినదాన్నే. 2016 జనవరిలో లులు అనే ఓర్కా (కిల్లర్ వేల్) అక్కడి టైరీ దీవి ఒడ్డుకి చచ్చి కొట్టుకొచ్చింది, వేట తాళ్లలో చిక్కుకుని. దాని గుంపులో ఇప్పుడు తరచూ కనబడేవి రెండే, జాన్ కో, అక్వేరియస్ అనే మగవి. ఆ వార్త చదివాక నా గొణుగుడు ఆగింది. జాన్ కో కనిపిస్తే, అర్ధరాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ అమ్మ మళ్లీ చేసింది. "చెప్పావా?" అంటే "చెప్పానులే" అన్నాను. టోబర్‌మోరీ రేవులో దిగగానే ముందు దానికి ఫోన్ చెయ్యి, తర్వాతే నాకు. టోపీ చెవుల దగ్గర కాస్త లూజు, పిన్నీసు పెట్టి పంపుతున్నాను. తిరిగి తెచ్చివ్వాలి.

మీ పెద్దమ్మ