నల్లజాతి స్త్రీలకి ఫైబ్రాయిడ్లు ఎక్కువ ఎందుకు? జన్యువులేనా?

అమెరికాలో తెల్లవాళ్ల కంటే నల్లజాతి ఆడవాళ్లకి గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఎక్కువంటారు, అది పుట్టుకతో వచ్చేదేనా అని అడిగారు. జన్యువులదీ కొంత పాత్ర ఉండొచ్చు కానీ, తప్పంతా వాటి మీదికి నెట్టేయకండి.

ముందు లెక్క ఎలా తీశారో చూడాలి. ఆపరేషన్లను బట్టి లెక్కేస్తే మోసపోతాం. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు మన దేశంలో బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. అంతమాత్రాన మనవాళ్లకే గడ్డలు ఎక్కువని కాదు కదా! అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో బాధ ఉన్నవాళ్లనే కాకుండా, 35-49 ఏళ్ల వాళ్లని లాటరీ తీసినట్టు ఎంచుకుని స్కానింగ్ చేశారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 50 ఏళ్లు వచ్చేసరికి నల్లజాతి వాళ్లలో 80 శాతం పైన, తెల్లవాళ్లలో దాదాపు 70 శాతం మందికి గడ్డలుంటాయి. అసలు తేడా ఎంత చిన్న వయసులో వస్తాయి, ఎన్ని వస్తాయి, ఎంత పెద్దవవుతాయి అన్నదాంట్లో ఉంది.

కారణాల్లో నాకు బలంగా అనిపించేది విటమిన్ డి. ఒంటి రంగు ముదురైతే చర్మంలో అది తయారవడానికి ఎండ ఎక్కువ కావాలి. ఫైబ్రాయిడ్‌ని కోసి చూస్తే తెల్లగా, సుడులు సుడులుగా, రబ్బరులా గట్టిగా ఉంటుంది. అందులో చాలా భాగం పేరుకుపోయిన కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీనే. ల్యాబ్‌లో విటమిన్ డి ఆ పేరుకోవడాన్ని తగ్గించింది. అదే వాషింగ్టన్ స్త్రీలలో రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల పైన ఉన్నవాళ్లు నల్లవాళ్లలో 10 శాతమే, తెల్లవాళ్లలో 50 శాతం. 20 దాటినవాళ్లకి గడ్డలుండే అవకాశం 32 శాతం తక్కువగా కనిపించింది. ఇది సంబంధమే గానీ రుజువు కాదు.

జుట్టు సాఫీ చేసే రిలాక్సర్ల మీదా అనుమానం ఉంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో వాడినవాళ్లకి ముప్పు 17 శాతం ఎక్కువ తేలింది. కాకపోతే అందులో దాదాపు అందరూ వాడినవాళ్లే, పోల్చడానికి వాడనివాళ్లు మరీ కొద్దిమంది. చిన్న వయసులో రజస్వల కావడం, ఏళ్ల తరబడి వివక్ష వల్ల పడే ఒత్తిడి కూడా లెక్కలోకి వస్తాయి.

మీ ఒంటి రంగు ముదురైతే రక్తంలో విటమిన్ డి ఎంతుందో చెప్పే 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించుకోండి, తక్కువుంటే డాక్టరు రాసిన డోసు వేసుకోండి. అయితే ఇప్పటికే ఉన్న 6 సెంటీమీటర్ల గడ్డ మాత్రలతో కరుగుతుందని ఎదురుచూడకండి. గంటకో ప్యాడ్ నిండుతుంటే ముందు ఆ రక్తస్రావం సంగతి, హిమోగ్లోబిన్ సంగతి చూపించుకోవాలి.