మాల్ కాకుండా ఇంకెక్కడికి?

ప్రశ్న: ఆదివారం వస్తే పిల్లలిద్దరూ మాల్‌కే అంటారు. మామగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. అందరం కలిసి వెళ్లగలిగే పార్కు ఏదైనా చెప్పండి.
- ఓ పాఠకురాలు, ఎల్‌బీ నగర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఇంటికి దగ్గర్లోనే, వనస్థలిపురం వైపు, మహావీర్ హరిణ వనస్థలి పెట్టుకుని మాల్‌కి పార్కింగ్ డబ్బులు కడుతున్నారా! ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది, మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు, ఇప్పుడక్కడ కృష్ణజింకలు హాయిగా తిరుగుతుంటాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే అవి చెట్ల నీడకి చేరిపోతాయి, ఆ తర్వాత 'జింకేది' అని పిల్లలు మీ ప్రాణం తీస్తారు. అన్నట్టు పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్లు ఇవ్వకండి, జింకలకి పెట్టేస్తారు.

జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు అందమైనదే, నెమళ్లు కూడా ఉన్నాయి, కానీ లోపలి దారి ఎగుడుదిగుడు, మామగారికి వద్దు. ఆయన్ని నెహ్రూ జూకి తీసుకెళ్లండి, బ్యాటరీ బండ్లు ఉంటాయి కాబట్టి కూర్చునే అన్నీ చూడొచ్చు. సోమవారం మాత్రం సెలవు.

చలికాలంలో ఒక రోజంతా వీలైతే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్లండి, మన మూసీ పుట్టింది అక్కడే. పులిహోర కట్టుకెళ్లండి, ఖాళీ డబ్బాలూ కవర్లూ మాత్రం మళ్లీ ఇంటికే తెచ్చేయండి.