దూరాన ఉన్న కంప్యూటరు గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు కొన్నావనీ, దాన్ని ఊళ్లో నానమ్మ ఇంట్లో పెట్టి ట్యాంకులో నీటిమట్టాన్ని హైదరాబాదు హాస్టలు నుంచే చూస్తానంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో మరొకరికి ఈ పిచ్చి పట్టినందుకు గర్వపడ్డాను. దూరాన ఉన్న యంత్రాలను కనిపెట్టుకుని ఉండడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి కనుక వెంటనే భయం కూడా వేసింది.

దానిలో టైపు చేసే పీడబ్ల్యూడీ (ఏ ఫోల్డరులో ఉన్నావో చెప్పేది), ఎల్‌ఎస్ (ఫైళ్ల పట్టీ చూపేది), సీడీ (ఫోల్డరు మార్చేది), మ్యాన్ (కమాండు వివరం చూపేది) వంటి కమాండ్లు వాడుతూ ఉంటే వాటంతట అవే చేతికి వస్తాయి. ఆర్‌ఎంతో తీసేసిన ఫైలు మాత్రం ఏ చెత్తబుట్టలోకీ వెళ్లదు. ఎన్నో ఫైళ్లకు ఒకేసారి వర్తించే నక్షత్రం గుర్తుతో ఆ ఆర్‌ఎంను వాడబోయే ముందు, అదే గుర్తుతో ఎల్‌ఎస్ కొట్టి ఏవేవి పోతాయో చూసుకో.

దూరాన ఉన్న కంప్యూటరులోకి లాగిన్ కావడానికి మా రోజుల్లో టెల్‌నెట్ వాడేవాళ్లం. అందులో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా తీగల మీద ప్రయాణించేది. అలా పాస్‌వర్డులను దొంగిలించే దాడి ఒకటి తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కు మీద జరిగాకనే, ఫిన్లాండులో టాటు యూలోనెన్ 1995లో, అదే పనిని రహస్యలిపిలో చేసే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశాడు. ‘పై’ అనే పేరు, ‘రాస్‌బెర్రీ’ అనే పాస్‌వర్డు పెట్టమని చెప్పే పాఠాలు ఇంకా కనిపిస్తాయి, నమ్మకు. ఆ ముందే పెట్టిన ఖాతాను 2022లో రాస్‌బెర్రీ పై వాళ్లే తీసేశారు. పాస్‌వర్డు బదులు తాళపుచెవుల్లా పనిచేసే రెండు ఫైళ్ల జత చేసుకుని, ఒకదాన్ని ఆ కంప్యూటరులో పెట్టి, రహస్యమైనదాన్ని నీ ల్యాప్‌టాప్ దాటనివ్వకు. రౌటరులో ఎస్‌ఎస్‌హెచ్ వాకిలి అయిన 22వ పోర్టును లోకమంతటికీ తెరిచావంటే మాత్రం నేను ఊరుకోను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత రహస్య దారి) ద్వారా లోపలికి వెళ్లు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో చాలా తెలివైన కుర్రాడొకడు వేరే జిల్లాలో ఉన్న సర్వరు మీద ఫైర్‌వాల్‌ను, అంటే అనుమతి లేని కనెక్షన్లను అడ్డుకునే కాపలా ప్రోగ్రామును, ఆన్ చేశాడు. ఎస్‌ఎస్‌హెచ్‌కు ముందుగా అనుమతి ఇవ్వలేదు. ఇప్పుడున్న కనెక్షను తెగిపోవచ్చని ఆ ప్రోగ్రామే హెచ్చరించి, కొనసాగమంటావా అని అడిగింది కూడా. చదవకుండానే ‘వై’ కొట్టాడు. తెర కదలలేదు. కాసేపు నెట్ నెమ్మదించిందనుకున్నాడు, తరువాత ముఖం పాలిపోయింది. అక్కడి వాచ్‌మన్‌చేత సర్వరును ఆపించి మళ్లీ వేయించాడు; ఫైర్‌వాల్ కూడా దానితోపాటే లేచి మళ్లీ కాపలా కాసింది. చివరకు రాత్రి బస్సెక్కి వెళ్లి, కీబోర్డు తగిలించి, ఒక్క వరుస టైపు చేసి తిరిగొచ్చాడు. మేమందరం నవ్వాం, కాని ఆ రాత్రంతా అక్కడివాళ్ల పని ఆగిపోయింది. అందుకే చెబుతున్నాను: ఫైర్‌వాల్‌ను గాని, ఎస్‌ఎస్‌హెచ్ అమరికలను గాని ముట్టుకునేటప్పుడు, పని చేస్తున్న కిటికీని మూయకుండా రెండో కిటికీలోంచి కొత్తగా లాగిన్ అయి చూడు. అది తెరుచుకున్నాకనే మొదటిది మూయి. పది నిమిషాల తరువాత ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోయేలా ముందే ఒక ఆదేశం పెట్టుకుని, అంతా బాగుందని తేలాక దాన్ని రద్దు చేయడం ఇంకా మేలు.

మన ఊళ్లో కరెంటు సంగతి నీకు తెలుసు. రాస్తూండగా కరెంటు పోతే, ఫైళ్లన్నీ ఉండే ఎస్‌డీ కార్డు పాడవవచ్చు, కాబట్టి చిన్న యూపీఎస్ కొను. డబ్బు నేను పంపుతాను, మీ నాన్నను అడగవద్దు.

ఊరికి తీసుకువెళ్లేముందు తెర, కీబోర్డు తీసేసి దాన్ని మా ఇంటి పక్కగదిలో పెట్టి కొన్నాళ్లు వాడు. ఏ వైరు తీసి మళ్లీ పెట్టాలో నానమ్మకు చూపించు, ఆ వైరుకు ఎర్రదారం కట్టు. దసరా సెలవులకు రా, తల్లీ, నీ అమరికలు నేనూ ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న